గీత పడ్డ పాట

పదమూడో భాగం

పోయిన వారం ‘ఎగువేటి ముగ్గురు’ బృందాన్ని సముద్రం ఒడ్డున, పాటల ఉత్సవం గేటు దగ్గర వదిలిపెట్టాం. వాళ్ళ ఎల్పీ రికార్డు అట్ట వెనక, బృందంలో ప్రధాన గాయకుడు వెండెల్ లిండాల్ రాయించుకున్న గొప్పను పాఠకులు మరిచిపోయి ఉండరు. “ఈ నీళ్ళ పాటను నేను ఎజెల్ టేటమ్ వసారాలో, ఆయన కాళ్ళ దగ్గర మూడు రోజులు కూర్చుని నేర్చుకున్నాను.” అది రాయించేనాటికి, ఆ పాటను మొదట పాడి రికార్డు ఇచ్చిన నల్లజాతి గాయకుడు ఎజెల్ టేటమ్ ఏనాడో పోయాడని అందరి నమ్మకం. పోయినవాడు వచ్చి కాదనడన్న ధైర్యం వెండెల్‌ది. తీరా చూస్తే ఆ మహానుభావుడు అరవై ఎనిమిదేళ్ళ వయసులో మెంఫిస్‌లో నిక్షేపంలా ఉన్నాడని తేలింది. ఉత్సవం వాళ్ళు కబురు పెట్టారు. మనవరాలు ఒడెస్సా భుజం ఆసరాగా కారు దిగి, చేతికర్ర నేలకు తాటించి, ఆయన అడిగిన మొదటి మాట, “నా వసారాలో కూర్చున్న పిల్లోడు ఎవడర్రా మీలో?”

వెండెల్ బెదరలేదు. బెదిరితే వెండెల్ ఎందుకవుతాడు! చేతులు చాచి ముందుకు వెళ్ళి ముసలాయన్ని కావలించుకున్నాడు.

“ఎజెల్! ఎన్నాళ్ళకు కనబడ్డావయ్యా! నన్ను గుర్తుపట్టలేదూ?”

“టేటమ్ గారు అనండి,” అంది ఒడెస్సా. ఇరవై ఏడేళ్ళ మనిషి, మెంఫిస్ ఆస్పత్రిలో నర్సు. గొంతు పెంచకుండానే చెంప మీద కొట్టినట్టు మాట్లాడటం ఆమెకు తెలుసు. “మా తాతని ఎజెల్ అని, నువ్వు అని పిలిచే తెల్లవాళ్ళని మా ఊళ్ళో చాలామందిని చూశాను. ఇంత దూరం వచ్చి కూడా అదే వినాలా?”

వెండెల్ నవ్వేశాడు. ముసలాయన మాత్రం అతని మొహం కేసి చాలాసేపు చూసి, “గుర్తు రాలేదబ్బాయ్,” అన్నాడు.

ఇదంతా పక్కనుంచి చూస్తున్నాడు లెన్ కోస్మాట్కా. లెన్ బృందంలో మౌతార్గాన్ వాయిస్తాడు. నీళ్ళ పాట ఏ వసారాలోనూ పుట్టలేదని అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మినియాపొలిస్‌లో, లెన్ వాళ్ళమ్మ ఇంటి నేలమాళిగలో, బొగ్గు పొయ్యి పక్కన, లెన్ దగ్గరున్న ఒకే ఒక్క పాత రికార్డును వందసార్లు తిప్పి తిప్పి ముగ్గురూ నేర్చుకున్న పాట అది. రికార్డు లెన్‌ది. పేరు వెండెల్‌ది. రెండేళ్ళుగా ఈ అన్యాయాన్ని మింగలేక కక్కలేక ఉన్నాడతను.

చేపల పులుసు అమ్మే బండి వెనక్కి వెండెల్‌ని లాక్కుపోయి నిలదీశాడు.

“ఇప్పుడైనా నిజం చెప్పి చావు. మధ్యాహ్నం రెండింటికి ఆయన ముందే వాయించాలి మనం.”

“నిజమా? చెప్దాం. ముందు నువ్వు చెప్పు. ఆ రికార్డు నీకెక్కడిది?”

“చెప్పాను కదా, పాత సామాన్ల కొట్లో దొరికిందని.”

“ఏ ఊరి కొట్టు? నాలుగుసార్లు అడిగాను నిన్ను. నాలుగుసార్లకీ నాలుగు ఊళ్ళు చెప్పావు. నేనేమన్నా అన్నానా? అన్లేదు. ఎందుకంటే నా అబద్ధం నీకు కావాలి, నీది నాక్కావాలి. అట్ట మీద ఆ ఒక్క ముక్క రాయకపోతే మనల్ని ఇక్కడికి ఎవడు పిలిచేవాడు? ఇంకా ఆ కాలేజీ కాఫీ హోటల్లో, చదరంగం ఆడుకునేవాళ్ళ పక్కన కూర్చుని ఊదుకుంటూ ఉండేవాడివి.”

వెండెల్ చెయ్యి చాచాడు.

“కారు తాళాలిలా తే. నాలుగో తీగ తెగేలా ఉంది, కొత్తది తెచ్చుకుంటా.”

తాళాలు ఇచ్చాడు లెన్. వెండెల్ కారు దగ్గరికి వెళ్ళి చాలాసేపటికి తిరిగొచ్చాడు. తాళాలు తిరిగిచ్చాడు. గిటార్‌కి మాత్రం పాత తీగే ఉంది. ఆ సంగతి లెన్ చూశాడు కానీ పట్టించుకోలేదు. అతని మనసంతా కారు డిక్కీలోని ఆకుపచ్చ రేకు పెట్టె మీద ఉంది. మౌతార్గాన్లన్నీ అందులోనే పెట్టుకుంటాడు. అడుగున పాత ఉన్ని చొక్కాలో చుట్టి ఆ రికార్డు ఉంది. దాన్ని ఇంత దూరం మోసుకొచ్చింది ఎందుకో పైకి ఎవరికీ చెప్పలేదు. వేదిక మీద, అందరి ఎదుట, ముసలాయన చేతిలో పెట్టాలని! “మీ గొంతును కాపాడింది నేనండీ” అనాలని! ఆ చప్పట్లు ఎలా ఉంటాయో దారి పొడుగునా ఊహించుకుంటూ వచ్చాడు పిచ్చివాడు.

రెండింటికి గుడారం కింద మూడు వందల మంది గడ్డి మీద కూర్చున్నారు. ఈ మధ్యాహ్నపు కూటాల పద్ధతి ఏమిటంటే, పాత గాయకుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి కుర్రవాళ్ళు ఆయన పాట ఆయనకే పాడి వినిపిస్తారు. తర్వాత ఆయన పాడతాడు. వచ్చినవాళ్ళు నోటు పుస్తకాల్లో రాసుకుంటారు.

ముగ్గురూ మొదలుపెట్టారు. వెండెల్ పన్నెండు తీగల గిటార్. లెన్ మౌతార్గాన్. మూడోవాడు హారల్డ్ విక్, వేళ్ళకు ఇత్తడి తొడుగులు పెట్టుకుని బట్టలుతికే గరుకు రేకు మీద గీకుతూ తాళం వేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి.

“నీళ్ళు గడప దాటె, నీళ్ళు మంచమెక్కె, నువ్వు పోతే పోయావు, నా లాంతరిచ్చి పో...”

పాట మూడో చరణానికి వచ్చింది. “నీళ్ళు తీశాక వస్తా...” అని లాగి, ఆ తర్వాత రెండు దెబ్బల తాళం ఎగరగొట్టి, “నీ తలుపు తట్టి లేపుతా” అని ఒక్కసారిగా దూకాలి. ఈ కుంటు నడకే వాళ్ళకు పేరు తెచ్చింది. పత్రికల వాళ్ళు మెచ్చుకున్నారు. ఒక ప్రొఫెసర్ గారైతే, ఆ నడక ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిందని పదహారు పేజీల వ్యాసం రాసి పారేశాడు. ఆ దూకుడు ముగ్గురికీ ఒకేసారి కుదరడానికి ఆర్నెల్లు చెమటోడ్చారు మరి.

ఈ రోజూ చక్కగా దూకారు. దూకీ దూకగానే చేతికర్ర పైకి లేచింది.

“ఆపండి. ఆ చరణం మళ్ళీ పాడండి.”

మళ్ళీ పాడారు.

“ఇంకోసారి.”

ఇంకోసారి పాడారు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ముసలాయన మొహంలో ఏముందో లెన్‌కి అర్థం కాలేదు. కోపమైతే కాదు.

“అక్కడ ఎందుకు కుంటుతున్నారు మీరు?” అన్నాడాయన.

“మీరు నేర్పిన నడకేగా, టేటమ్ గారూ,” అన్నాడు వెండెల్ మైకు దగ్గరగా జరిగి. ఇప్పుడు ‘గారూ’ వచ్చింది. “మీ వసారాలో.”

“నాకు వసారా ఎప్పుడుందయ్యా? ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి చాకలి కొట్టు పైన రెండో అంతస్తులో ఒక్క గదిలో ఉంటన్నా. కిటికీలోంచి కాళ్ళు బయటికి పెట్టి కూచున్నావా ఏంది?”

జనం పకపకా నవ్వారు. వెండెల్ కూడా వాళ్ళతో కలిసి నవ్వి, “పెద్దవారు, మరిచిపోయి ఉంటారు,” అన్నాడు జాలిగా.

“మా తాత మరిచిపోడు,” అంది ఒడెస్సా ముందు వరుసలోంచి. “ఆయన మర్చిపోతే బాగుండునని కోరుకునేవాళ్ళు ఉంటే ఉండొచ్చు.”

ముసలాయన తన గిటార్ తీసుకున్నాడు. వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకర్లు పోయి ఉన్నాయి. అయినా ఆ మొదటి తీగ మోగిందో లేదో, తామింతకాలం వాయించింది ఏమిటో లెన్‌కి తెలిసిపోయి సిగ్గేసింది. మూడో చరణం వచ్చింది. “నీళ్ళు తీశాక వస్తా, లియోలా, నీ తలుపు తట్టి లేపుతా.”

రెండు దెబ్బలు. అక్కడ ఒక పేరు ఉంది. కుంటూ లేదు, ఆఫ్రికా ఓడలూ లేవు. ఒక ఆడమనిషి పేరు!

ఆయన గిటార్ ఒళ్ళో పడుకోబెట్టుకుని జనానికి చెప్పాడు.

“ముప్పై ఒకటిలో రికార్డు పోస్టులో వచ్చింది. అప్పుడు మేం హెలీనా అనే ఊళ్ళో ఉండేవోళ్ళం. నా పెళ్ళాం వర్జీ సంబరపడి వీధి వీధంతా పిలిచింది. కోడి వేయించింది. రికార్డు పెట్టి తిప్పింది. మొగుడి నోట్లోంచి ఎవత్తె పేరొచ్చిందీ? లియోలా. ఆ లియోలా కూడా అక్కడే కూచోనుంది, మా కోడి తొడ తింటా.”

గుడారం దద్దరిల్లేలా నవ్వారు.

“వర్జీ ఒక్క మాట అన్లేదు. పళ్ళెంలో ఉన్న ఫోర్కు తీసింది. ఆ పేరు ఎక్కడుందో సూది చూపిస్తానే ఉంది కదా, సరిగ్గా ఆడ గీత గీసింది. మళ్ళీ మొదట్నుంచీ పెట్టి అందరికీ వినిపించింది. పేరు దగ్గరికి రాగానే సూది ఎగిరి అవతల పడింది. ‘ఇప్పుడు బాగుంది పాట’ అంది.”

నవ్వులింకా ఆగలేదు. ఆయన ఆగాడు.

“మీరు కుంటే చోటు అదే. ఆ గీత ఈ భూమ్మీద ఒక్క రికార్డుకే ఉంది. అది వర్జీ దగ్గరే ఉండాలి. మీకెట్లా వచ్చింది?”

లెన్ నోటి దగ్గరున్న మౌతార్గాన్ తియ్యడం కూడా మరిచిపోయాడు.

ఉత్సవం మేనేజరు చప్పున మైకు అందుకుని, కాస్త విరామం, పావుగంటలో మళ్ళీ ఎగువేటి ముగ్గురు అని ప్రకటించి అందర్నీ గుడారం వెనక్కి తోలాడు. అక్కడ పేర్చిన మడత కుర్చీల మధ్య ఒడెస్సా ముగ్గురికీ అడ్డంగా నిలబడింది.

“యాభై తొమ్మిది ఆగస్టు,” అంది. “హెలీనాలో ఇంట్లో అమ్మమ్మ మంచంలో ఉంది. నేను పనిలోకి వెళ్ళాను. ఎవరో తెల్ల కుర్రాడు ఇల్లిల్లూ తలుపు కొట్టి పాత రికార్డులు అడుగుతున్నాడని పక్కింటావిడ చూసింది. సాయంత్రం నేనొచ్చేసరికి అమ్మమ్మ తలగడ కింద తడుముకుంటోంది. పదకొండు రోజులు తడుముకుని పోయింది. ఎవరు మీలో?”

“నేను కాదు!” వెండెల్ ఒక్క అడుగు వెనక్కేశాడు. దొంగతనం మాట వినేసరికి అతని తెలివంతా ఎగిరిపోయింది. “ఆ హెలీనా ఎక్కడుందో కూడా నాకు తెలీదు. మిన్నెసోటా దాటి దక్షిణానికి జన్మలో వెళ్ళలేదు నేను, మా అమ్మ మీద ఒట్టు!”

“మరి వసారా?” అంది ఒడెస్సా.

వెండెల్ నోరు మూతపడింది. వెంటనే తెరుచుకుంది కూడా. “నన్నెందుకు తింటారు? రికార్డు వీడిది. వీణ్ణడగండి. ఏ ఊళ్ళో దొరికిందో నాలుగు రకాలుగా చెప్తాడు.” గిటార్ భుజానికెత్తుకున్నాడు. “విక్, పద. మనకి పావుగంటే ఉంది.”

హారల్డ్ విక్ వేళ్ళ తొడుగులు ఒక్కొక్కటే ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

“నేను రాను వెండెల్. నువ్వు పాడేదానికి నేను తాళం వెయ్యను.”

పదమూడు భాగాల్లో అతను నోరు తెరిచి ఇంత మాట అనడం ఇదే మొదటిసారి. వెండెల్ అతణ్ణి పురుగును చూసినట్టు చూసి, గుడారంలోకి ఒక్కడే వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది లెన్. ఇన్నాళ్ళూ వెండెల్‌ని తిట్టుకోవడంలో అతనికి ఒక సుఖం ఉండేది. పక్కవాడు దొంగైతే మనం దొర అయినట్టే అనిపిస్తుంది కదా! ఆ సుఖం ఇప్పుడు పోయింది.

“నేనే,” అన్నాడు.

ముసలాయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి వింటున్నాడు.

“వాకిట్లో దొంతర ఉంటే పదకొండు రికార్డులకి డబ్బిచ్చాను. పన్నెండోది తలగడ కింద అంచు కనబడింది. అది ఇస్తారా అని అడిగాను. ‘అది కాదు, దాన్ని ముట్టుకోకు’ అందావిడ. మంచినీళ్ళు అడిగింది. వంటింట్లోకి వెళ్ళి తెచ్చి తాగించాను. తాగి కళ్ళు మూసుకుంది. అప్పుడు... తీసి చొక్కాలో పెట్టుకున్నాను. ఆవిడ ఎవరో నాకు తెలీదండీ. రికార్డు మీద పేరొక్కటే చూశాను.”

“నీళ్ళు తాగించి మరీ తీశావు,” అంది ఒడెస్సా. “అక్కడే వదిలేస్తే బూజు పట్టి పోయేది, నేను కాపాడాను అని కూడా అను. మీ వాళ్ళంతా అదే అంటారుగా.”

సరిగ్గా ఆ మాటే అనబోయాడు లెన్. నాలుక కరుచుకున్నాడు.

“ఆ రికార్డు రెండో వైపు విన్నావా ఎప్పుడైనా?” ముసలాయన అడిగాడు.

“విన్నానండీ. ఒక భక్తి పాట. మీరూ ఇంకో ఆవిడా. బాగా అరిగిపోయింది, మాకు పనికి రాలేదు.”

“ఆ ఇంకో ఆవిడ వర్జీ.”

ఒడెస్సా అందుకుంది. “లియోలాతో వెళ్ళిపోయాక మా తాత ఇరవై ఎనిమిదేళ్ళు ఆ గడప తొక్కలేదు. చివర్లో అమ్మమ్మ నాతో అంది, ‘వాడు వస్తాడు. వస్తే ఏం మాట్లాడకు. ఇది పెట్టు. గీత పడ్డ వైపు కాదు, రెండో వైపు పెట్టు. వాడికి అర్థమవుద్ది’ అని. తాత వచ్చాడు, మట్టి వేసే రోజుకి. ఏం పెట్టను? తలగడ కింద ఏం లేదు. నోటితో చెప్పాను. నమ్మలేదు. ఆయన్ని ఓదార్చడానికి కల్పించానన్నాడు. అయిదేళ్ళ నుంచి మా తాత దృష్టిలో నేను అబద్ధాలకోరుని. నీ మూలంగా!”

“ఒడెస్సా తప్పు కాదబ్బాయ్,” అన్నాడు ముసలాయన. “వర్జీ నన్ను క్షమించిందంటే నేను నమ్మలేకపొయ్యా. దాని గొంతు వింటే నమ్ముతా. నీళ్ళ పాట నాకు అక్కర్లేదు, అది నా నోట్లోనే ఉంది. నువ్వే పాడుకో. ఆ రెండో వైపు ఇప్పించు. చచ్చేలోపు ఒక్కసారి వింటా.”

“నా దగ్గరే ఉందండీ,” అన్నాడు లెన్. ఏడుపొచ్చేసింది. “ఇక్కడే, కార్లో. మీకిద్దామనే తెచ్చాను.”

“ఇద్దామని!” ఒడెస్సా పళ్ళు పటపటలాడించింది. “పద. నడు.”

మైదానం దాటి కార్ల వరసల మధ్యకు వెళ్ళారు. ముసలాయన కర్ర టకటకలాడించుకుంటూ, ఆ వయసులో ఎలా నడిచాడో గాని, లెన్ కంటే ముందే కారు దగ్గరికి చేరాడు. సముద్రం మీంచి మంచు తెర కమ్ముకొస్తోంది. లెన్ డిక్కీ తెరిచాడు. ఆకుపచ్చ పెట్టె మూత ఎత్తాడు. మౌతార్గాన్లు గడ్డి మీద పారబోశాడు. ఉన్ని చొక్కా మడత విప్పాడు. గోధుమ రంగు అట్ట సంచి, దాని మీద తన చేత్తోనే రాసిన అంకె. అది చేతిలోకి తీసుకున్నాడు.

బరువు లేదు.

లోపల వేళ్ళు పెట్టి చూశాడు. పెట్టె బోర్లించాడు. ముందు సీట్లో వెతికాడు, వెనక సీట్లో వెతికాడు. అప్పుడు జ్ఞాపకమొచ్చింది, వెండెల్ తాళాలడగడం, చాలాసేపటికి గాని తిరిగి రాకపోవడం, గిటార్‌కి పాత తీగే ఉండటం. పాట నేర్పిన ఆ రికార్డే కనబడకుండా పోతే, లెన్ నిజం చెప్పినా ఇక వసారా కథను కాదనేవాడెవడు?

సరిగ్గా అప్పుడే, గుడారం చుట్టూ స్తంభాలకు కట్టిన లౌడ్‌స్పీకర్లన్నీ ఒక్కసారి గరగరమన్నాయి. “ఇందాక చిన్న పొరపాటు జరిగింది,” అంటోంది వెండెల్ గొంతు, తేనె పూసినట్టు. “నా గురువుగారు వసారాలో నాకు నేర్పినట్టే, ఈసారి సరిగ్గా పాడతాను.” పన్నెండు తీగలూ మోగాయి. మొదటి చరణం వదిలేసి ఏకంగా మూడోది ఎత్తుకున్నాడు. “నీళ్ళు తీశాక వస్తా, లియోలా, నీ తలుపు తట్టి లేపుతా.” కుంటు లేదు. ముప్పై మూడేళ్ళ కిందట వర్జీ గీసి పారేసిన పేరు ఆ మైదానమంతా వినబడింది. మూడు వందల మంది చప్పట్లు కొట్టారు.

లెన్ రెండు చేతుల్లోనూ ఖాళీ అట్ట పట్టుకుని నిలబడిపోయాడు. ఒడెస్సా దాన్ని చూసింది, గుడారం వైపు చూసింది, చెప్పులు విడిచి గడ్డి మీద పరిగెత్తింది.

ఎజెల్ టేటమ్ మాత్రం కదల్లేదు. రికార్డు కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“అట్ట ఇస్తన్నావేందబ్బాయ్?” అన్నాడు. “వర్జీ ఏదీ?”